తాళాల వారి ఇంటిపేరు

మా ఇంటిపేరు తాళాల. ఆ మాట చెప్పేముందు మా తాతయ్య కాస్త ఆగి గొంతు సవరించుకునేవాడు. ఎవరైనా అమాయకంగా "తలుపులకి వేసే తాళాలాండీ?" అని అడిగితే ఇక ఆ మనిషికి ఆ పూట విముక్తి ఉండేది కాదు. "పాటకు వేసే తాళం బాబూ. మా తాత రాజుగారి కొలువులో తాళం వేసినవాడు. ఆయన చెయ్యి ఆడుతుంటే ఎంతటి గాయకుడైనా ఒళ్ళు దగ్గర పెట్టుకుని పాడాల్సిందే," అని మొదలుపెట్టి, ఏ రాజో, ఏ కొలువో మాత్రం చెప్పకుండానే ముగించేవాడు. ఆయనకూ తెలియదు. తెలియకపోవడం ఆయన గర్వానికి ఎన్నడూ అడ్డు రాలేదు.

తాతయ్య పాట నేర్పి బతికాడు. వీధి మలుపులో కింద చెప్పుల దుకాణం, పైన ఆయన అద్దెకున్న రెండు గదులు. ముందుగదిలో గోడ పొడవునా ఒక బల్ల. పిల్లలు దానిమీద వరసగా కూర్చుని తొడలు చరుచుకుంటూ పాడుతుంటే కింద చెప్పులు కుట్టే ఆయన సుత్తి కూడా తనకు తెలియకుండానే వాళ్ళతో కలిసిపోయేదట. ఆ బల్లకు ఒక చివర మా మేనత్త, ఇంకో చివర ఆమె తమ్ముడు, అంటే మా నాన్న.

నాన్నకు తాళం నిలిచేది కాదు. గొంతు ఉంది, చెవి ఉంది, చెయ్యి మాత్రం పాటను నడిదారిలో వదిలేసి తన దారిన తాను పోయేది. తాతయ్య మొదట బుజ్జగించాడు. తర్వాత కసిరాడు. ఒకరోజు నిండు తరగతిలో, "తాళాల వారింట పుట్టి తాళం తప్పుతావా? అసలు నువ్వు మావాడివేనా?" అన్నాడు. పిల్లలందరూ నవ్వారు. నాన్న లేచి మెట్లు దిగి చెప్పుల దుకాణంలో కూర్చున్నాడు. సాయంత్రానికి ఇంట్లోకి వచ్చాడు గానీ ఆ బల్లమీదికి మళ్ళీ రాలేదు.

పెద్దయ్యాక ఆయన లిఫ్టులు బాగుచేసే పని నేర్చుకున్నాడు. పేరు ముందు ఇంటిపేరు పెట్టుకోవడం మానేశాడు. కంపెనీ ఇచ్చిన చొక్కా జేబు మీద, కరెంటు బిల్లు మీద, చివరికి మా బడి రిజిస్టరులో కూడా తాళాల అన్న మాట లేదు. చిన్నప్పుడు ఎందుకని అడిగితే, "అంత పొడుగు పేరు ఎందుకే, రాయలేక చెయ్యి లాగుతుంది," అన్నాడు. మా ఇంట్లో రేడియో వార్తల కోసమే ఉండేది. వార్తలు అయిపోయి పాట మొదలవగానే ఆయన చెయ్యి అలవాటుగా మీట మీదికి పోయేది.

కొడుకు తప్పుకోవడంతో వంశభారం మొత్తం అత్త నెత్తిన పడింది. ఆమె ఆడపిల్లల బడిలో పాటల టీచరుగా చేరి, అక్కడే తల నెరిసి, అక్కడే రిటైరైంది. తరగతిలో చెక్క స్కేలుతో బల్ల మీద తడుతుంటే వరండాలో నడిచే పిల్లల అడుగులు కూడా దానికి తగ్గట్టే పడేవని చెప్పుకునేవాళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకంటే "తీరిక లేక" అనేది. ఆ మాట నవ్వుతూనే అనేది గానీ, దాని తర్వాత ఇంకో ప్రశ్న అడిగే సందు మాత్రం ఇచ్చేది కాదు.

ఆమె రిటైరైన మరుసటేడు బడికి వందేళ్ళు నిండాయి. హెడ్ మిస్ట్రెస్ ఫోన్ చేసి, "మీ వంశం గురించి నాలుగు ముక్కలు మాట్లాడండి టీచర్, రాజుగారి కొలువు నుంచి మన బడి దాకా," అని అడిగింది. అత్త సరేనంది. ఫోన్ పెట్టేశాక మా ఇంటికి వచ్చింది. నాన్న డ్యూటీలో ఉన్నాడు.

"ఏ రాజో తెలియకుండా వేదికెక్కి ఏం చెప్పనే?" అంది నాతో. "మీ తాతయ్య అంటే నోటి బలంతో నెట్టుకొచ్చాడు. నాకు అంత నోరు లేదు."

నేనప్పుడు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేదాన్ని. సెలవు దొరికినప్పుడల్లా ఆమె వెంట తిరగడం అలా మొదలైంది.

ముందు మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళాం. పాత దస్తావేజుల గది నేలమాళిగలో ఉంది. అక్కడి గుమాస్తా దుమ్ముకు ముక్కు మీద రుమాలు కట్టుకుని, పందొమ్మిదో శతాబ్దం చివరి సంవత్సరాల పెళ్ళిళ్ళు వెతికి, అత్త ముత్తాతను పట్టుకున్నాడు. ఇంటిపేరు తాళాల. వృత్తి వాయిద్యకారుడు. అత్త నా మోచెయ్యి నొక్కింది. పుట్టిన ఊరు రేవు పట్నం. తండ్రి పేరు ఉండవలసిన చోట అడ్డగీత.

"రాయడం మర్చిపోయారా?" అని అడిగింది అత్త.

"మర్చిపోతే ఖాళీ వదిలేస్తారండి," అన్నాడు గుమాస్తా. "గీత పెట్టారంటే అడిగారన్నమాట. చెప్పలేదన్నమాట."

ఆ గీత అత్తను కలవరపెట్టింది. దారిలో రెండుసార్లు, "రాజుగారి కొలువులో ఉన్నవాడికి తండ్రి పేరు తెలియదా?" అంది.

రేవు పట్నానికి బస్సులో వెళ్ళాం. దిగగానే చేపల వాసన, తారు వాసన, ఇంజన్ల చప్పుడు. స్టాండు పక్కన టీ కొట్టతన్ని, "ఇక్కడ తాళాల వాళ్ళు ఎక్కడుంటారు బాబూ?" అని అత్త అడిగింది. అతను మా వంక జాలిగా చూశాడు. "ఇల్లు తెరుచుకోవట్లేదా అమ్మా?" అని, పక్క సందులోకి చెయ్యి చూపించాడు. తీరా వెళితే అక్కడ ఒకాయన తాళంచెవులు అరగదీస్తూ కూర్చున్నాడు. అత్త ముఖం చూడాలి. తాతయ్య బతికి ఉంటే ఆ టీ కొట్టు ముందు పెద్ద గొడవే జరిగేది.

విషయం విని ఆయన నవ్వాడు. "నేను తాళాలు చేసేవాణ్ణండి. తాళాల వాళ్ళు వేరు. వాళ్ళు పడవలకి రంగులు వేస్తారు. రేవు చివర రేకుల షెడ్డు. రంగులమ్మ అంటే ఎవరైనా చెప్తారు."

షెడ్డులో ఒక పడవను దుంగల మీద నిలబెట్టారు. దాని ముక్కు దగ్గర పలక వేసుకుని, తలకు గుడ్డ చుట్టుకుని, ఇంచుమించు అత్త వయసున్న ఒకావిడ తెల్లరంగుతో అంకెలు దిద్దుతోంది. మోచేతుల దాకా రకరకాల రంగుల మరకలు. మేము ఎవరమో చెప్పాక కూడా చేతిలో ఉన్న అంకె పూర్తి చేసిగానీ దిగలేదు. దిగి, కిరోసిన్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అత్తను పైనుంచి కిందిదాకా చూసింది.

"అయితే ఊరొదిలి పోయిన పిల్లాడి తాలూకా మీరు," అంది. "రావడానికి ఇన్నాళ్ళు పట్టిందా?"

షెడ్డు వెనకాల రంగుల డబ్బాలు బోర్లించి కూర్చోబెట్టింది. ఆమె కొడుకు టీ తెచ్చి పెట్టి, మళ్ళీ పడవ దగ్గరికి వెళ్ళిపోయాడు. అత్త సంగతి చెప్పడం మొదలుపెట్టింది. రాజుగారి కొలువు దాకా వచ్చేసరికి రంగులమ్మ గ్లాసు కింద పెట్టింది.

"కొలువా? ఏం కొలువు తల్లీ. మనం తలుపుల తాళాల వాళ్ళం."

అత్త చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది.

రంగులమ్మ తన తండ్రి నోట విన్నది చెప్పింది. ఆ రోజుల్లో ఓడలో రోగం పుడితే దిగినవాళ్ళను ఊళ్ళోకి రానిచ్చేవాళ్ళు కాదు. రేవుకు ఎడంగా ఒక రాతి కట్టడంలో పెట్టి తాళం వేసేవాళ్ళు. రోగం తగ్గితే బయటికి, లేకపోతే వెనకాల గోతుల్లోకి. ఆ తలుపులు వేసి తీసే ఉద్యోగం ఒకడికి ఉండేది. పెళ్ళాం పిల్లలు లేని మనిషి. నడుముకు తాళంచెవుల గుత్తి వేలాడుతుండేది. ఆ చప్పుడు వినిపిస్తే జనం వీధికి అటువైపు జరిగిపోయేవారట. అసలు పేరు ఎవరూ పిలవలేదు. తాళాలోడు అనేవారు.

"ఒక ఏడు పెద్ద ఓడ వచ్చిందట," అంది రంగులమ్మ. "సగం మంది దానిలోనే పోయారు. మిగిలినవాళ్ళు లోపలికి వెళ్ళాక ఒక్కొక్కరే పోయారు. చివరికి ఇద్దరు మగపిల్లలు మిగిలారు. ఒకడికి నడక వచ్చు, ఇంకొకడు పాలు తాగే బిడ్డ. ఇద్దరూ ఒక తల్లి పిల్లలు కాదు. పెద్దవాడి తల్లి ఏం మాట్లాడేదో ఇక్కడ ఎవరికీ అర్థం కాలేదట. చిన్నవాడి తల్లి అప్పటికే మాట పడిపోయి ఉంది. తలుపు తీసే రోజు వచ్చింది. తీశాడు. తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. చెరొక చంకన ఎత్తుకుని ఇంటికి పోయాడు."

"ఊళ్ళోవాళ్ళు ఒప్పుకున్నారా?" అని అడిగాను నేను.

"ఎక్కడ ఒప్పుకుంటారు? కొన్నాళ్ళు నీళ్ళు కూడా తోడుకోనివ్వలేదట. ఆయనేం మాట్లాడలేదట. అసలే మాట తక్కువ మనిషి. పిల్లలు పెరిగి వీధిలోకి వచ్చారు. ఎవరి పిల్లలురా అంటే తాళాలోడి పిల్లలు. అదే ఇంటిపేరైంది. చిన్నవాడు మా తాత. పెద్దవాడు మీవాడు."

అత్త గ్లాసు కింద పెట్టి, "మరి వాయిద్యకారుడు అని రాశారు కదా," అంది, బతిమాలుతున్నట్టుగా.

రంగులమ్మకు నవ్వు వచ్చింది. ఊరికి ఒక నాటకాల బృందం వచ్చిందట. పెద్దవాడు వాళ్ళ వెంట పడి ఏదైనా పని ఇమ్మన్నాడు. పేరేమిటని అడిగితే తాళాల అన్నాడు. బృందం పెద్ద, "తాళాల వాడివా? అయితే పట్టు," అని చేతిలో కంచు తాళాలు పెట్టాడు. కాదు అనలేదు. అంటే పని పోతుంది. "మొదట్లో తాళం తప్పి బాగా తిట్లు తిన్నాడట. పెంచిన ముసలాయన పోయినప్పుడు వచ్చి ఇవన్నీ తనే చెప్పి నవ్వించాడట మా తాతని. వాళ్ళు అడిగిందానికల్లా అవునవును అన్నానురా, ఇప్పుడు నిజంగానే వాయించడం వచ్చేసింది అన్నాడట."

ఆ మధ్యాహ్నం ఆమె మమ్మల్ని ఆ రాతి కట్టడానికి తీసుకెళ్ళింది. ఇప్పుడు అది ఐసు ఫ్యాక్టరీ. మందమైన గోడలు చలిని బాగా పట్టి ఉంచుతాయని కొన్నారట. లోపల రంపపుపొట్టు, తడి గోనెలు, పొగలు కక్కే ఐసు దిమ్మలు. తలుపులు కొత్తవే గానీ రాతిలో దిగేసిన పాత ఇనుప బందులు అలాగే ఉన్నాయి. ఒక గోడలో నడుమెత్తున చిన్న కంత, దాని కింద అరలాంటి రాయి. అన్నం అందులోంచి అందించేవారని రంగులమ్మ చెప్పింది. అత్త వంగి ఆ కంతలో చెయ్యి పెట్టింది. మోచెయ్యి దాకా పట్టింది. అవతలి వైపు నిలబడిన నాకు ఆమె వేళ్ళు కనిపించాయి. నేను వాటిని పట్టుకోలేదు. ఎందుకో భయం వేసింది.

తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. చీకటి పడే వేళకు ఉన్నట్టుండి, "నాకు బొమ్మలు వెయ్యడం ఇష్టంగా ఉండేది, తెలుసా?" అంది.

"తెలియదు అత్తా."

"ఎవరికీ తెలియదు. మీ నాన్న బల్ల దిగిపోయాడు. నేనూ దిగితే మీ తాతయ్య ఏమైపోతాడో అనిపించింది." కాసేపటికి మళ్ళీ అంది: "పాట నాకు చేదేం కాలేదు. అన్యాయంగా మాట్లాడకూడదు. కానీ నెత్తుట్లో ఉంది, నెత్తుట్లో ఉంది అని ఊదరగొడితే నమ్మాను. ఎవరి నెత్తురే? ఆ తల్లి ఎవరో, ఏ భాషో."

మరుసటి వారం ఆమె నాన్నకు చెప్పడానికి వచ్చింది. ఆయన వంటింటి బల్ల మీద పాత గుడ్డ పరిచి లిఫ్టు తలుపు చక్రాలకు గ్రీజు పెడుతున్నాడు. అత్త ఏదీ దాచకుండా మొత్తం చెప్పింది. తాళం తప్పి తిట్లు తిన్న సంగతి మాత్రం ఆయన వంక చూస్తూ చెప్పింది. నాన్న తలెత్తలేదు. చక్రం తిప్పి చూశాడు, ఇంకాస్త గ్రీజు పెట్టాడు.

"ఆ పిల్లాడికి నడక వచ్చంటున్నావుగా," అన్నాడు చివరికి. "అయితే తల్లి గుర్తుండి ఉంటుందా అక్కా?"

నాన్న చేతులు కడుక్కుని, టీ పెట్టి, ముగ్గురికీ పోశాడు. తాతయ్య గురించి ఆయన ఒక్క మాట కూడా అనలేదు. అత్తే అంది. "నాన్నకి తెలిసి ఉంటుందంటావా?"

"తెలిస్తే అంత గట్టిగా అనేవాడు కాదులే," అన్నాడు నాన్న. మంచిమాటగా అన్నాడో, ఎత్తిపొడుపుగా అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. అత్త మాత్రం ఆ రోజు చాలాసేపు మా ఇంట్లో కూర్చుంది. అంతకుముందు ఆమె మా ఇంటికి వస్తే చెప్పులు విడిచిన చోటు నుంచే సెలవు తీసుకున్నట్టు ఉండేది.

హెడ్ మిస్ట్రెస్ కు కొత్త కథ అంతగా నచ్చలేదు. "బాగుంది టీచర్, కానీ రోగం, గోతులు... పిల్లలు వింటారు కదా. రాజుగారి కొలువు ఉంటే నిండుగా ఉండేది," అంది.

"ఉంటే బాగుండేదే. లేదు," అంది అత్త.

వేదిక మీద ఆమె తాళాలోడి గురించి చెప్పింది. కొందరు కళ్ళు తుడుచుకున్నారు, కొందరు గడియారం చూసుకున్నారు. నాన్న రాలేదు. ఆయనకు డ్యూటీ ఉంది. నిజంగానే ఉంది.

ఆ తల్లి ఎవరో కనుక్కోవాలని అత్త ఆ తర్వాత చాలా తిరిగింది. రేవు ఆఫీసులో ఆ కాలం నాటి ఓడల సంగతి ఎవరికీ తెలియదు. గోతులున్న చోటును సముద్రం ఎప్పుడో కోసుకుపోయింది. తాళాలోణ్ణి ఎక్కడ పూడ్చారో రంగులమ్మకూ తెలియదు. ఏ దేశమో, ఏ ఊరో, పిల్లవాణ్ణి ఏమని పిలిచేదో, ఒక్క ముక్క దొరకలేదు. కొన్నాళ్ళు ఆమెకు అది పంటి సందున ఇరుక్కున్న పీచులా ఉండేది. క్రమంగా ఆ మాట ఎత్తడం తగ్గించింది. మర్చిపోయిందని కాదు. వెతకడానికి మిగిలిన చోటు లేదు.

రేవుకు వెళ్ళడం మాత్రం మానలేదు. ఒకసారి ఆమె, రంగులమ్మ కూర్చుని వరస కలిపారు. రంగులమ్మకు తాత అయినవాడు, తాతయ్యకు తాత అయినవాడు అన్నదమ్ములు. అంటే రంగులమ్మ తాతయ్యకు చెల్లెలు వరస. అంటే మా అత్తకు మేనత్త.

"నీకంటే రెండేళ్ళు చిన్నదాన్ని," అని రంగులమ్మ గోల పెట్టింది. "పిలిచావంటే చూడు."

"అత్తా," అని పిలిచింది మా అత్త, కావాలనే, షెడ్డంతా వినిపించేలా. అప్పట్నుంచి అదే ఖాయమైంది. నాకు మా అత్త అత్త, ఆమెకు ఆవిడ అత్త. ఫోన్లో ఎవరి గురించి మాట్లాడుతున్నారో తెలుసుకోవడమే మాకు పెద్ద పనైంది.

నాన్న కూడా ఒకసారి వెళ్ళాడు, ఒంటరిగా. ఐసు ఫ్యాక్టరీలో చాలాసేపు ఉన్నాడని రంగులమ్మ చెప్పింది. వచ్చాక ఆ బందులు చాలా మంచి పనితనమని మాత్రం అన్నాడు. ఇంటిపేరు మళ్ళీ పెట్టుకుంటావా అని నేను అడిగితే, "ఈ వయసులో సంతకం మార్చుకోమంటావా?" అన్నాడు. పెట్టుకోలేదు.

రెండేళ్ళ తర్వాత రంగులమ్మకు గుండెనొప్పి వచ్చింది. కొడుకు పడవ తీసుకుని పై రేవుకు వెళ్ళి ఉన్నాడు. ఆ వారం అత్త అక్కడే ఉండడంతో ఆమే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నేను మొదటి బస్సు పట్టుకుని వెళ్ళేసరికి ఆపరేషను గది బయట నర్సు కాగితాలు పట్టుకుని నిలబడి ఉంది.

"దగ్గరి బంధువు సంతకం కావాలండి. మీరేమవుతారు?"

"మేనకోడల్ని," అంది అత్త, కలం అందుకుంటూ.

నర్సు ఆమె నెరిసిన జుట్టు వంక, మంచం మీద ఉన్నావిడ నెరిసిన జుట్టు వంక చూసింది. "రక్తసంబంధమేనా?" అని అడిగింది, అడగక తప్పనట్టుగా.

అత్త కొంచెం ఆలోచించింది. అబద్ధం ఆడడం ఆమెకు చేతకాదు.

"ఒకే ఇంటివాళ్ళం," అని సంతకం పెట్టింది.

రంగులమ్మ బతికింది. డాక్టరు నిచ్చెనలు ఎక్కొద్దన్నాడు గనక ఇప్పుడు కుర్చీలో కూర్చుని అజమాయిషీ చేస్తోంది. పడవల ముక్కుల మీద అంకెలు మా అత్త వేస్తోంది. మొదట్లో అవి ఒకదాని మీద ఒకటి పడిపోతున్నట్టు వచ్చేవి. "ఆ ఆరు ఏంటి, కడుపుతో ఉన్నట్టుంది, చెరిపెయ్యి," అని కింద నుంచి కేకలు వినిపించేవి. అత్త చెరిపేసి మళ్ళీ వేసేది. పోయిన నెల నేను వెళ్ళినప్పుడు ఒక కొత్త పడవకు అంకెలతో పాటు రెక్కలు చాచిన పక్షి బొమ్మ కూడా వేసి ఉంది. యజమాని అడగలేదట. చూసి, ఉండనీ అన్నాడట.